నీలం మూత డబ్బాలు

నిన్న పంచినవి నలభై రెండు.
ఈ పొద్దు తిరిగొచ్చినవి ముప్పై ఒకటి.
ఒకటి తోమి, ఎండబెట్టి, తళతళా మెరుస్తోంది,
గిన్నె అరువిచ్చాననుకున్నారు కాబోలు.
ఇంకోదాంట్లో కారప్పొడి.
ఐదింట్లో ఒకే పిల్లవాడిది,
తల్లి పేరా, తండ్రి పేరా, ముగ్గురు పిల్లల పేరా.
ఇంటిల్లిపాదిలో వాడొక్కడే గట్టిగా ఉన్నాడట,
అందుకని వాడిదే అందరూ పంచుకున్నారు.

బాలాపూర్‌లో,
గాలికి లేవకుండా పాత టైర్లు మోస్తున్న
టార్పాలిన్ కప్పుల నడుమ
ఒక మడత బల్ల, ఒక కుర్చీ, నేను.
మొదటి రోజు ఆ మాటకి వాళ్ళ భాషలో ఏమంటారో తెలీక
చేత్తో సైగ చేశాను.
ఆడవాళ్ళు కొంగులు నోట్లో కుక్కుకుని నవ్వారు.
జొహార్, పద్నాలుగేళ్ళ చెత్త ఏరే పిల్లగాడు,
మూడు నెలల్లో నేర్చిన మన ఊరి ఉర్దూలో
"నక్కో ఆపా, ఐసా నక్కో" అని తల పట్టుకున్నాడు.

సెనోవారా మాత్రం నవ్వలేదు.
"పురుగు దొరికితే వెనక్కి పంపేస్తారా?"
లేదమ్మా, మాత్ర ఇస్తాం, అన్నాను.
ఆమె నా ముఖం కాదు, నా చేతిలో ఫారం చూసింది.
పేరు, వయసు, దేశం, వచ్చిన తేదీ.
కడుపులో పురుగుకి ఇన్ని గడులెందుకో
నాకూ ఎవరూ చెప్పలేదు.

నిద్దట్లో పళ్ళు నూరితే
మా అమ్మ తెల్లారుజామునే లేపి
వేపాకు ముద్ద నోట్లో పెట్టి
ముక్కు మూసి మింగించేది.
బడిలో సుద్దముక్క రుచి మాత్ర,
వరసలో నిలబెట్టి నాలుక చాపమనేవాళ్ళు.
కోస్గి పిల్లలమంతా పురుగుల పుట్టలమే.
నువ్వెక్కడ నుంచి వచ్చావని
ఒక్కరూ అడగలేదు.

పోయిన వారం సెనోవారాది
అగర్ పలక మీద చిటికెడు వేసి
వెచ్చటి పెట్టెలో రెండు రాత్రులుంచాను.
మూడో పొద్దున తెరిస్తే
కంటికి ఆనని పిల్లపురుగు నడిచిన తోవ,
దాని ఒంటి మీది క్రిములు దారి పొడుగునా రాలి
చుక్కచుక్కగా మొలిచి,
వంకరగా, ఒకచోట చుట్టు తిరిగి, మళ్ళీ ముందుకి.
కళ్ళు లేవు దానికి.
మడమ పగుల్లోంచి ఎక్కి, నెత్తుట్లో ఈది,
ఊపిరితిత్తులు దాటి, గొంతు ఎక్కి,
మింగిన ఎంగిలితో పేగులోకి దిగి కాపురం పెడుతుంది.
మందు వెయ్యకపోతే తరాలు తరాలుగా అక్కడే.

ఆమె విడిచొచ్చిన వరిమడిలో ఎక్కిందో,
రాత్రిళ్ళు దాటిన ఏటి ఒడ్డు బురదలోనో,
ఇక్కడ, ఈ గుడిసెల వెనక,
మనం మూత వెయ్యని కాలవ పక్కనో
పలక చెప్పదు.
ఫారం మాత్రం ఒక్కటే ఒప్పుకుంటుంది:
బయటి నుంచి వచ్చినది.
ఆ గడి దగ్గర పెన్ను ఆగింది.
బాలాపూర్ అని రాశాను.
పై ఆఫీసులో కొట్టేస్తారు, తెలుసు.

మాత్రలు బరువును బట్టి ఇవ్వాలి.
త్రాసు మీద ముప్పై ఎనిమిది కిలోలు.
చెప్పులతోనా? అని నవ్వించబోయాను.
చెప్పులు లేవు.

మిగిలిన పదకొండు కోసం మధ్యాహ్నం తిరిగాను.
వెనక వరసలో మూడు గుడిసెలు ఖాళీ.
పోయ్యి బూడిద ఇంకా గోరువెచ్చగా ఉంది.
ఎవరో ఏదో అన్నారట, రాత్రికి రాత్రే వెళ్ళిపోయారట,
ఎక్కడికని జొహార్‌ని అడిగితే భుజాలెగరేశాడు.

ఒక గుంజకి సంచిలో కట్టి డబ్బా ఒకటి.
మూత బిగించే ఉంది, నమూనా ఉంది.
నేను మార్కరుతో రాసిన అంకెని మాత్రం
ఇసకతో రుద్ది రుద్ది చెరిపేశారు.

సాయంత్రం దాన్నే ముందు చూశాను.
చుక్క ఉప్పునీళ్ళు, గాజు పలక, మీదో పల్చటి బిళ్ళ.
కదులుతోంది.

మాత్ర నా దగ్గరే ఉంది.